ఊరికే వచ్చే గోప్యతకు బిల్లు ఎవరు కడుతున్నారు?

పెన్నా ఇసుక రాత్రిపూట ఎవరి ట్రాక్టర్లలో పోతోందో తెలిసిన మనిషి ఏటి ఒడ్డున ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ఆ సంగతి తన నోట బయటికొచ్చిందని తెలిస్తే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. అందుకే తెలిసినా తెలియనట్టే తిరుగుతుంటాడు. రాయలసీమలో పేరు దాచుకోవడం ఎవరికీ సరదా కాదు, ఒక్కోసారి ప్రాణాల మీది వ్యవహారం. అలాంటి మనిషి ఫోన్ నంబరు తెలియకుండా, ఇంటి ఇంటర్నెట్ చిరునామా దొరక్కుండా ఒక విలేకరికి నాలుగు ఫొటోలు పంపాలంటే దారేమిటని అడిగితే, కంప్యూటర్ల సంగతి తెలిసినవాళ్లు ముందుగా చెప్పే పేరు టార్: వాడేదెవరో బయటపడకుండా ఇంటర్నెట్ వాడనిచ్చే ఉచిత నెట్‌వర్క్.

అనంతపురంలో ఇంజనీరింగ్ పిల్లలకు నెట్‌వర్క్స్ పాఠం చెబుతుంటాను కాబట్టి విలేకరి మిత్రులు ఇలాంటివి నన్ను అడుగుతుంటారు. టార్ అనగానే వాళ్ల దగ్గర్నుంచి తిరిగి వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: “ఊరికే ఇస్తాండారంటే ఎనకాల ఎవరో ఒకరు దుడ్డు పెట్టుంటారు కదా సార్, వాళ్లెవరు?”

అడగాల్సిన ప్రశ్నే. దీనికి ఒక్క ముక్కలో “అమెరికా ప్రభుత్వం” అని చెప్పేవాళ్లున్నారు. “ఎవరూ లేరు, అంతా స్వచ్ఛందం” అనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది, పూర్తి నిజం ఏ ఒక్కదాంట్లోనూ లేదు. ఎందుకంటే టార్‌లో సాఫ్ట్‌వేర్ రాసేది ఒకరు, సర్వర్లు నడిపేది వేరొకరు, ఏయే సర్వర్లు లెక్కలోకి వస్తాయో జాబితా కట్టేది ఇంకొకరు. ముగ్గురికీ డబ్బు వచ్చే దారులు వేరు. వాటిని విడదీసి చూస్తేగానీ దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తేలదు.

ముందు దారి చూద్దాం

టార్ బ్రౌజర్‌లో ఏదైనా సైటు తెరిచి, పైన చిరునామా పట్టీకి ఎడమవైపున్న గుర్తు నొక్కితే ఆ పేజీ మన దాకా వచ్చిన దారి కనిపిస్తుంది. క్లాసులో ప్రొజెక్టర్ మీద నేను ముందు చూపించేది ఇదే. పైన మన బ్రౌజర్, దాని కింద ఒక దేశం పేరు, ఒక ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఆ సర్వర్‌ను గుర్తించే నంబరు), పక్కనే ‘గార్డ్’ అన్న మాట. ఆ కింద రెండో దేశం, ఆ తర్వాత మూడో దేశం, చివర మనం తెరిచిన సైటు. అనంతపురంలో నొక్కిన నొక్కు జర్మనీలో ఒక సర్వర్ దాటి, నెదర్లాండ్స్‌లో ఇంకొకటి దాటి, ఏ స్వీడన్‌లోనో మూడోదాని నుంచి బయటపడి సైటును చేరుతుంది. ఈ సర్వర్లనే రిలేలు అంటారు.

బయల్దేరే ముందే మన కంప్యూటర్ సమాచారాన్ని మూడు పొరలుగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తాళం ఉన్నవాడికి తప్ప అర్థం కాకుండా మారుస్తుంది. ఒక్కో రిలే తన పొర ఒక్కటే విప్పగలదు. మొదటి రిలేకు, అంటే గార్డ్‌కు, మన చిరునామా తెలుసు, మనం ఎక్కడికి పోతున్నామో తెలియదు. చివరిదానికి ఏ సైటుకు పోతున్నామో తెలుసు, ఎవరు పోతున్నారో తెలియదు. నడిమిదానికి అటూ ఇటూ ఉన్న రిలేలు తప్ప ఏమీ తెలియదు. రెండు కొసలూ కలిపి చూడగలిగినవాడు ఈ ముగ్గురిలో లేడు. టార్ భద్రత మొత్తం ఈ ఒక్క సంగతి మీద నిలబడింది. రిలేలు నడిపేవాళ్లంతా మంచివాళ్లయి ఉండాలని అది కోరుకోదు, మొదటిదీ చివరిదీ ఒకరి చేతిలో పడకూడదని మాత్రం కోరుకుంటుంది.

ఇక్కడ విద్యార్థులను ఇంకో అడుగు వేయమంటాను. ఆ తెర మీద కనబడిన ఐపీ చిరునామాను తీసుకెళ్లి, టార్ మెట్రిక్స్ అనే సైటులోని రిలే వెతుకుడు పెట్టెలో వేయమంటాను. ఆ సర్వర్ పేరు, ఎంత వేగం మోస్తోంది, ఎన్నేళ్లుగా నడుస్తోంది, ఏ హోస్టింగ్ కంపెనీలో ఉంది, అదే మనిషి నడిపే మిగతా రిలేలేవి, చాలాసార్లు అతన్ని పట్టుకోవడానికి ఈమెయిల్‌తో సహా అన్నీ బయటికొస్తాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూసేది ఈ పేజీనే. అజ్ఞాత నెట్‌వర్క్ అంటే అందరూ ముసుగేసుకుని ఉంటారని అనుకుని వస్తారు. ముసుగు కావాల్సింది ఆ దారిన పోయేవాడికి. దారి వేసినవాడు ఎంత బహిరంగంగా ఉంటే అంత మంచిది.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల జీతాలు

ఈ మూడు మెట్ల ఆలోచన పుట్టింది 1990ల నడిమిలో, అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో. డేవిడ్ గోల్డ్‌ష్లాగ్, మైకేల్ రీడ్, పాల్ సివర్సన్ అనే ముగ్గురు దాని మీద పనిచేశారు. తర్వాత రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ చేరి ఇప్పుడున్న టార్‌ను కట్టారు. 2004లో నౌకాదళం ఆ కోడ్‌ను ఎవరైనా వాడుకునే లైసెన్సుతో వదిలేసింది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ కొంతకాలం డబ్బిచ్చి నిలబెట్టింది. 2006లో టార్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది.

సైన్యం తన కోసం తయారుచేసుకున్నది లోకానికి ఎందుకు వదిలేసింది? ఇందులో పెద్ద కుట్ర వెతుకుతారు గానీ కారణం లెక్కల్లోనే ఉంది. నౌకాదళం వాళ్లు మాత్రమే వాడే అజ్ఞాత నెట్‌వర్క్ ఉందనుకోండి. అందులోంచి ఎవరు బయటికొచ్చినా నౌకాదళం మనిషేనని చూసిన ప్రతివాడికీ తెలిసిపోతుంది. దాక్కోవాలంటే గుంపు కావాలి. ఆ గుంపులో విలేకరులుండాలి, వ్యాపారులుండాలి, భర్త కొట్టే దెబ్బలకు ఇల్లు వదిలిన ఆడమనిషి ఉండాలి, ఊరికే ఉత్సాహం కొద్దీ వచ్చిన కుర్రాడు కూడా ఉండాలి. తమ మనుషులను కాపాడుకోవాలంటే అందరినీ లోపలికి రానివ్వక తప్పదు. అలా వచ్చినవాళ్లలో మత్తుమందులు అమ్మేవాళ్లూ, అంతకంటే నీచమైన పనులు చేసేవాళ్లూ ఉన్నారు. ఆ మాట దాచి టార్ గురించి మాట్లాడటం నాకిష్టం లేదు. కానీ దొంగను ఆపి సాక్షిని మాత్రం పోనిచ్చే రిలేను ఇంతవరకు ఎవరూ కట్టలేకపోయారు. కట్టగలిగితే అది పోయేవాడెవరో తెలుసుకున్నట్టే కదా.

ఇప్పుడు డబ్బు సంగతి. టార్ ప్రాజెక్ట్ ఏటా తన ఆదాయ వ్యయాలు ప్రకటిస్తుంది, అమెరికా ఆదాయపు పన్ను శాఖకు ఇచ్చే పత్రాలు ఎవరైనా చూడొచ్చు. 2012లో సుమారు 20 లక్షల డాలర్ల బడ్జెట్‌లో 80 శాతం దాకా అమెరికా ప్రభుత్వానిదే. 2021-22 నాటికి ఆ వాటా సుమారు 53 శాతానికి దిగింది. 2023-24లో ఆదాయం 80 లక్షల డాలర్లకు చేరింది, అందులో ప్రభుత్వ వాటా సుమారు 35 శాతం. ఇన్నేళ్లలో ప్రభుత్వ డబ్బు వచ్చిన దారుల్లో విదేశాంగ శాఖలోని మానవ హక్కుల విభాగం, నేషనల్ సైన్స్ ఫౌండేషన్, ఇంటర్నెట్ స్వేచ్ఛకు అమెరికా ప్రభుత్వ నిధులు పంచే ఓపెన్ టెక్నాలజీ ఫండ్ ముఖ్యమైనవి. మిగతాది స్వీడన్ ప్రభుత్వ సహాయ సంస్థ సిడా, మొజిల్లా, డక్‌డక్‌గో లాంటి కంపెనీలు, ఫౌండేషన్లు, పది ఇరవై డాలర్లు వేసే మామూలు మనుషులు కలిసి ఇస్తున్నది.

ప్రభుత్వ డబ్బు తీసుకున్నారంటే ప్రభుత్వానికి తలుపు తెరిచినట్టే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడ 2013లో అమెరికా నిఘా విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన కాగితాలు గుర్తుచేసుకోవాలి. అందులో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ, టార్ వాడేవాళ్లందరినీ అన్నివేళలా పట్టుకోవడం తనకు ఎప్పటికీ సాధ్యం కాదని రాసుకుంది. విదేశాంగ శాఖ ఒక చేత్తో డబ్బిస్తుంటే నిఘా విభాగం ఇంకో చేత్తో దాన్నే పగలగొట్టాలని చూస్తోంది. పైగా కోడ్ అంతా బహిరంగం. ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాల్లో దాన్ని తవ్వి లోపాలు బయటపెట్టి పేరు తెచ్చుకోవాలని చూసే పరిశోధకులకు కొదవ లేదు.

నా బెంగ తలుపు గురించి కాదు. డబ్బిచ్చేవాడు ఏ పని ముందు జరగాలో తేలుస్తాడు. ఇరాన్‌లో, చైనాలో, రష్యాలో సెన్సార్‌షిప్‌ను దాటే పనికి నిధులు వస్తాయి, ఎందుకంటే అది అమెరికా విదేశాంగ విధానానికి పనికొస్తుంది. పెన్నా ఒడ్డున ఉన్న మనిషికి తెలుగులో సహాయ పేజీ ఉండాలని ఎవరూ గ్రాంట్ రాయరు. రెండో బెంగ, ఆ డబ్బు ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేకపోవడం. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ దెబ్బకు టార్ ప్రాజెక్ట్ 13 మందిని తీసేసి 22 మందితో మిగిలింది. 2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు తర్వాత ఓపెన్ టెక్నాలజీ ఫండ్‌కు వచ్చే నిధులు నిలిపేయడంతో ఆ సంస్థ కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఒక దేశంలో గాలి మారితే ఇంకో ఖండంలో సాఫ్ట్‌వేర్ మరమ్మతు ఆగిపోయే పరిస్థితి ఇది.

సర్వర్లు నడిపేవాళ్లు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. జీతాలన్నీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లవి. మన సమాచారాన్ని మోసే ఏడెనిమిది వేల రిలేలను టార్ ప్రాజెక్ట్ నడపదు, వాటిని నడిపేవాళ్లకు జీతం ఇవ్వదు. ఎవరి సర్వర్ అద్దె వాళ్లే కట్టుకుంటారు.

ఎందుకు కడతారు? అనంతపురం ఎండల్లో బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టినవాడిని మనం ఆ ప్రశ్న అడగం. ఒకరు పుణ్యం కోసం పెడతారు, ఒకరు పోయిన తండ్రి పేరు మీద పెడతారు, ఒకరు ఫ్లెక్సీ కోసం పెడతారు. రిలేల దగ్గరా అంతే. నెట్‌వర్క్ నడపడమంటే ఇష్టమున్న సిస్టమ్ అడ్మిన్లు, తమ దేశంలో ఒకప్పుడు రహస్య పోలీసుల ఫైళ్లు చూసిన తరం మనుషులు, పరిశోధక విద్యార్థులు, గోప్యత అమ్ముకునే కంపెనీలు, అందరూ ఉన్నారు. పెద్ద బరువు మోసేది మాత్రం విరాళాలతో నడిచే సంఘాలు. జర్మనీలో త్స్వీబెల్‌ఫ్రాయిండె, ఫ్రాన్స్‌లో నోజ్ ఒన్యోన్, స్వీడన్‌లో డీఎఫ్‌ఆర్‌ఐ, ఆస్ట్రియాలో ఫౌండేషన్ ఫర్ అప్లైడ్ ప్రైవసీ, అమెరికాలో ఎమరాల్డ్ ఆనియన్, కాలిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటివి. చందాలు పోగుచేసి, బ్యాండ్‌విడ్త్ టోకున కొని, పదుల కొద్దీ రిలేలు పెడతారు.

అన్ని రిలేల కష్టం ఒకటి కాదు. నడిమి రిలే నడిపేవాడికి నెలకు చిన్న సర్వర్ అద్దె తప్ప పెద్ద తలనొప్పి లేదు. చివరి రిలే, అంటే ఎగ్జిట్, నడిపేవాడి కథ వేరు. టార్‌లోంచి ఎవరు ఏ పాపం చేసినా అవతలి సైటుకు కనబడేది ఇతని చిరునామాయే. కాపీరైటు నోటీసులు, హ్యాకింగ్ ఫిర్యాదులు, పోలీసుల ఉత్తరాలు అన్నీ ఇతనికే వస్తాయి. రష్యాలో ఒక లెక్కల మాస్టారు 2017 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. హింసకు పిలుపునిచ్చిన పోస్టులు ఆయన ఇంటి ఎగ్జిట్ చిరునామా నుంచి వచ్చాయన్నది అభియోగం. జైలూ, గృహనిర్బంధమూ అయ్యాక 2018లో కేసు ఎత్తేశారు. అదే 2018 జూన్‌లో జర్మన్ పోలీసులు త్స్వీబెల్‌ఫ్రాయిండె బాధ్యుల ఇళ్లలో సోదాలు చేసి కంప్యూటర్లు పట్టుకుపోయారు. కారణం ఎగ్జిట్ కూడా కాదు, వాళ్లు విరాళాలు చూసుకునే ఒక ఈమెయిల్ సేవ మీద వచ్చిన కేసు. ఆ సోదాలు చట్టవిరుద్ధమని తర్వాత కోర్టు తేల్చింది. ఏడెనిమిది వేల రిలేల్లో ఎగ్జిట్‌లు కొద్ది భాగమే ఎందుకున్నాయో ఆ మాస్టారి కేసు చూస్తే అర్థమవుతుంది. నిజంగా అద్దె కట్టేది డబ్బుతో కాదు, ధైర్యంతో.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ మాత్రం ఒక ఊరి గ్రంథాలయం. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో లెబనాన్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడి కిల్టన్ గ్రంథాలయం 2015 వేసవిలో తన ఇంటర్నెట్‌లో మిగిలిపోతున్న కొంత సామర్థ్యాన్ని ఒక నడిమి రిలేకు ఇచ్చింది. హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ విభాగం నుంచి స్థానిక పోలీసులకు కబురందింది, పోలీసులు వచ్చి మాట్లాడారు, గ్రంథాలయం రిలే ఆపేసింది. ఆ సంగతి ఊరందరికీ తెలిసింది. సెప్టెంబరు 15న గ్రంథాలయ బోర్డు సమావేశానికి జనం వచ్చి కూర్చుని రిలే ఉండాలన్నారు. బోర్డు మళ్లీ ఆన్ చేయించింది. చదివేవాడు ఏ పుస్తకం తీసుకున్నాడో బయటికి చెప్పకపోవడం గ్రంథాలయం ధర్మమైతే, ఇదీ దాని కిందికే వస్తుందన్నది వాళ్ల వాదన. నాకు ఆ వాదనలో లోపం కనబడలేదు.

తొమ్మిది మంది కట్టే జాబితా

వేల రిలేల్లో ఏవి బతికున్నాయి, ఏవి నమ్మదగినవి, ఏది ఎంత బరువు మోయగలదన్నది మన బ్రౌజర్‌కు ఎవరో చెప్పాలి. ఆ పని డైరెక్టరీ అథారిటీలనే తొమ్మిది సర్వర్లది. వాటి చిరునామాలు టార్ సాఫ్ట్‌వేర్‌లోనే రాసి ఉంటాయి. గంటకోసారి అవి తమలో తాము ఓటేసుకుని, ఎక్కువమంది ఒప్పుకున్న జాబితా మీద సంతకం చేసి విడుదల చేస్తాయి. అమెరికాలో, జర్మనీ, స్వీడన్, ఆస్ట్రియా, నెదర్లాండ్స్ లాంటి చోట్ల ఏళ్ల తరబడి ఒకరినొకరు ఎరిగున్న వ్యక్తులు, సంఘాలు వీటిని నడుపుతున్నారు.

వికేంద్రీకరణ గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా, టార్‌లో అత్యంత ఇరుకైన చోటు ఇదే. ఐదు సర్వర్లు ఒకేసారి ఒకరి చేతికి చిక్కితే జాబితానే మార్చేయొచ్చు. ఇది ఊహ కాదు. 2010 జనవరిలో ఈ సర్వర్లలో రెండింటిలోకి ఎవరో చొరబడ్డారని తేలి వాటి డిజిటల్ తాళాలు మార్చారు. 2014 డిసెంబరులో వాటిని స్వాధీనం చేసుకునే ప్రయత్నం జరగొచ్చని టార్ ప్రాజెక్ట్ స్వయంగా హెచ్చరించింది. ఇప్పటివరకు ఐదు దాకా ఎవరూ పోలేకపోయారు, అవి వేర్వేరు దేశాల చట్టాల కింద ఉండటం అందుకు పెద్ద కారణం. భారతదేశంలో గానీ, ఆఫ్రికాలో గానీ, లాటిన్ అమెరికాలో గానీ అలాంటి సర్వర్ ఒక్కటీ లేదు.

చెడ్డవాళ్లు దూరితే

ఎవరైనా రిలే పెట్టొచ్చంటే దొంగ కూడా పెట్టొచ్చు. 2007లో స్వీడన్‌కు చెందిన డాన్ ఎగర్‌స్టాడ్ అనే భద్రతా సలహాదారుడు ఐదు ఎగ్జిట్ రిలేలు పెట్టి, వాటిలోంచి పోయే సమాచారాన్ని చూస్తూ కూర్చున్నాడు. రాయబార కార్యాలయాల ఈమెయిల్ పాస్‌వర్డులు వరసగా కనబడ్డాయి. ఆ ఆగస్టులో ఆయన వంద ఖాతాల వివరాలు బయటపెట్టాడు, అందులో భారత రాయబార కార్యాలయాలవీ ఉన్నాయి. టార్ విరిగిపోలేదు. చివరి పొర విప్పాక సైటు దాకా పోయే ఆ కొస దారిలో ఎన్‌క్రిప్షన్ లేదు, అంతే. ఎవరు పంపారో దాచింది, ఏం పంపారో దాచలేదు. ఈరోజు దాదాపు అన్ని సైట్లకూ హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజర్ నుంచి సైటు దాకా ఉండే ఎన్‌క్రిప్షన్) ఉంది కాబట్టి ఆ ప్రమాదం బాగా తగ్గింది, పోలేదు. 2020 మే నెలలో ఒకే మూక ఎగ్జిట్ సామర్థ్యంలో 23 శాతానికి పైగా చేతిలో పెట్టుకుని, హెచ్‌టీటీపీఎస్ రాకుండా చేసి క్రిప్టోకరెన్సీ కొట్టేసింది. చిరునామాలో తాళం గుర్తు లేని పేజీలో పేరూ పాస్‌వర్డూ కొట్టొద్దని నేను ఒకటికి పదిసార్లు చెప్పేది ఇందుకే.

దీనికంటే లోతైన ప్రమాదం రెండు కొసలూ కలపడం. 2014 జనవరి 30న 115 రిలేలు ఒక్కసారిగా చేరి, గార్డ్ సామర్థ్యంలో సుమారు 6.4 శాతం దక్కించుకుని, జూలై 4న బయటపడి తీసేసేదాకా జనాన్ని గుర్తుపట్టే పని చేశాయి. దాని వెనుక కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉన్నారని టార్ ప్రాజెక్ట్ ఆరోపించింది. ఇంకొకటి కాక్స్17 అని పేరు పెట్టిన గుంపు. కనీసం 2017 నుంచి రిలేలు పెంచుకుంటూ వచ్చి ఒక దశలో తొమ్మిది వందలు దాటించింది. సంప్రదించడానికి ఈమెయిల్ లేదు, విరాళాలు అడగలేదు, సర్వర్లకు మాత్రం నెలనెలా భారీగా అద్దె కట్టింది. 2021 చివర్లో వాటిని ఏరి పారేశారు. డబ్బు ఎక్కడిదో చెప్పకుండా ఇంత ఖర్చు పెట్టేవాడిని అనుమానించడం నేర్చుకోవాలి. ప్రభుత్వ గ్రాంటు తీసుకుని రసీదు చూపించేవాడికంటే వీడు నాకు ఎక్కువ భయం కలిగిస్తాడు.

వీటిని ఎదుర్కోవడానికి సాఫ్ట్‌వేర్‌లో కొన్ని కట్టుబాట్లున్నాయి. ఒకే యజమాని ప్రకటించిన రిలేలు రెండు ఒక దారిలో రావు. దగ్గరదగ్గర ఐపీ చిరునామాలున్నవి కూడా రావు. గార్డ్‌ను రోజూ మార్చకుండా నెలల తరబడి అదే వాడతారు, ఎందుకంటే మార్చినప్పుడల్లా దొంగ చేతిలో పడే అవకాశం పెరుగుతుంది. అయినా ఒక చిక్కు ఈ కట్టుబాట్లకు అందదు. రిలేల యజమానులు వేలమంది అయినా, వాటి బరువులో చాలా భాగం జర్మనీ, అమెరికా, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ లాంటి కొద్ది దేశాల్లో, హెట్జ్‌నర్, ఓవీహెచ్ లాంటి కొద్ది కంపెనీల డేటా సెంటర్లలో ఉంది. బ్యాండ్‌విడ్త్ చవక, చట్టం కాస్త అండగా ఉంటుంది కాబట్టి అందరూ అక్కడికే చేరారు. యజమానులు వేరైనా తీగ ఒకటే అయితే, తీగ దగ్గర కూర్చున్నవాడికి పని సులువు.

మరి ఉచిత వీపీఎన్?

మా పిల్లల్లో చాలామంది ఫోన్లలో ఏదో ఒక ఉచిత వీపీఎన్ ఉంటుంది, అంటే మన ట్రాఫిక్‌ను తన సర్వర్ మీదుగా పంపి మన చిరునామాను సైటుకు కనబడనివ్వని యాప్. టార్ వెనుక ఎవరున్నారని తిప్పి తిప్పి అడిగేవాళ్లు దాని వెనుక ఎవరున్నారని అడగరు. అక్కడ మూడు మెట్లు లేవు, ఉన్నది ఒక్కడే యజమాని. మనమెవరో, ఎక్కడికి పోతున్నామో రెండూ అతనికి తెలుసు. ఒనావో అనే వీపీఎన్‌ను ఫేస్‌బుక్ 2013లో కొని, జనం ఏయే యాప్‌లు వాడుతున్నారో దాని ద్వారా తెలుసుకుంది. ఆస్ట్రేలియా కోర్టు 2023లో ఆ విషయం మీద మెటా అనుబంధ కంపెనీలకు 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. హోలా అనే ఇంకో ఉచిత వీపీఎన్ తన వినియోగదారుల ఇళ్ల కనెక్షన్లనే ఎగ్జిట్‌లుగా మార్చి ఇతరులకు అమ్ముకుంటోందని 2015లో బయటపడింది. డబ్బు కట్టే వీపీఎన్లలోనూ ఎక్స్‌ప్రెస్, సైబర్‌ఘోస్ట్, ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ వేర్వేరు పేర్లతో కనిపిస్తాయి గానీ మూడింటినీ కొన్నది కేప్ టెక్నాలజీస్ అనే ఒకే కంపెనీ.

మన దగ్గర నుంచి

రిలేల ప్రపంచ పటంలో భారతదేశం దాదాపు ఖాళీ. కారణాల్లో ఒకటి 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం. డేటా సెంటర్లు, వర్చువల్ సర్వర్లు అద్దెకిచ్చేవాళ్లు, క్లౌడ్, వీపీఎన్ సంస్థలు తమ ఖాతాదారుల పేరు, చిరునామా, ఇచ్చిన ఐపీలు, ఎందుకు తీసుకున్నారన్న వివరం ఐదేళ్లు దాచాలి. లాగ్‌లు, అంటే సర్వర్లలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు ఉంచాలి. దాంతో నార్డ్, ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్ లాంటివి ఇక్కడి సర్వర్లు తీసేసుకున్నాయి. ఆ ఆదేశంలో టార్ రిలేల ఊసు లేదు, టార్ వాడకం మన దేశంలో నేరమూ కాదు. రిలే నడిపేవాడు తన పేరు దాచుకోనక్కర్లేదు కాబట్టి సర్వర్ అద్దెకిచ్చేవాడు మన వివరాలు రాసుకోవడం పెద్ద అడ్డంకేమీ కాదు. అసలు అడ్డంకి భయం. ఎగ్జిట్ పెడితే ఎఫ్‌ఐఆర్ ముందొస్తుంది, ఐటీ చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తులకు ఇచ్చే రక్షణ తర్వాతెప్పుడో కోర్టులో వాదించుకోవాలి. ఇంట్లో ఎగ్జిట్ పెట్టొద్దని టార్ ప్రాజెక్ట్ కూడా చెబుతుంది, నేనూ అదే చెబుతాను.

ఇంట్లో నడిమి రిలే పెడదామన్నా మన ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి కుదరదు. మా ఇంటి రౌటర్ పేజీ తెరిచి చూస్తే బయటి చిరునామా 100.64తో మొదలవుతుంది. అంటే ఒకే అసలు చిరునామాను కంపెనీవాడు ఎన్నో ఇళ్లకు పంచుతున్నాడన్నమాట. బయటివాళ్లు మన సర్వర్‌కు నేరుగా తలుపు కొట్టలేరు. ఇలాంటి ఇంటికి సరిపోయేది స్నోఫ్లేక్. ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో చిన్న ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, టార్‌ను అడ్డుకునే దేశాల్లో ఉన్నవాళ్లు మన బ్రౌజర్ మీదుగా టార్‌లో అడుగుపెడతారు. 2022లో ఇరాన్‌లో ఇంటర్నెట్ నొక్కేసినప్పుడు చాలామంది అలాగే వచ్చారు. వాళ్లు ఏ సైటుకు పోయినా అక్కడ కనబడేది మన చిరునామా కాదు, ఎక్కడో ఉన్న ఎగ్జిట్‌ది. గడిచిన 24 గంటల్లో ఎంతమందికి ఉపయోగపడిందో గుర్తు మీద నొక్కితే చెబుతుంది.

కాలేజీలకు మాత్రం ఇంతకంటే ఎక్కువ చేసే వీలుంది. అనంతపురంలో జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం, కర్నూలులో ట్రిపుల్‌ఐటీడీఎం, ఇడుపులపాయలో ఆర్‌జీయూకేటీ ఉన్నాయి. నెట్‌వర్క్ భద్రత సిలబస్‌లో ఉన్న చోట ఒక నడిమి రిలే ల్యాబ్ పనిముట్టే అవుతుంది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2023లో విశ్వవిద్యాలయాలను రిలేలు పెట్టమని ఒక పిలుపు కూడా ఇచ్చింది. దొంగచాటుగా పెట్టే పని కాదిది. ప్రిన్సిపాల్ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ నిబంధనలు చదవాలి, లాగ్‌ల సంగతి కాలేజీ న్యాయ సలహాదారుతో తేల్చుకోవాలి, సంప్రదింపు ఈమెయిల్ విద్యార్థిది కాకుండా విభాగానిదై ఉండాలి. సెట్టింగ్స్ ఫైల్లో ఎగ్జిట్‌రిలే అన్న చోట 0 అని (అంటే ఎగ్జిట్ కాదని) ఉందో లేదో ఇద్దరు చూడాలి. వేగం సెకనుకు కనీసం 10 మెగాబిట్లు, నెలకు అటు 100 గిగాబైట్లు, ఇటు 100 గిగాబైట్లు ఇవ్వగలిగితే చాలు.

కొత్త రిలేకు మొదటి కొద్దిరోజులు ట్రాఫిక్ పెద్దగా రాదు, డైరెక్టరీ సర్వర్లు దాని వేగం కొలిచేదాకా ఆగాలి. పనిచేయట్లేదనుకుని చాలామంది అప్పుడే తీసేస్తారు. వారం దాటాక గార్డ్ అర్హత వస్తుంది, రెండు నెలలు గడిచేసరికి బరువు ఒక స్థాయిలో నిలబడుతుంది. సెమిస్టర్ సెలవులకు ల్యాబ్ మెయిన్ ఆపేస్తే ఆ అర్హత పోతుంది. అందుకే దాన్ని ల్యాబ్‌లో కాకుండా యూపీఎస్ ఉన్న సర్వర్ గదిలో పెట్టమని అడగాలి.